పిల్లిని వదులుకోవాలా, అల్లిక మానుకోవాలా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఉద్యోగ విరమణ చేశారు. చిన్నప్పుడు నేర్చుకున్న ఊలు అల్లికను మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రం హాల్లో తన కుర్చీలో కూర్చుని అల్లుకునే ఆ కాసేపే రోజు మొత్తంలో తనదనిపించే సమయం అని రాశారు. ఇంట్లో ఆమె, భర్త, బూచి. బూచి ఏడాది దాటిన ఆడపిల్లి. కళ్లు తెరిచిన కొత్తల్లోనే తల్లి కనబడకుండా పోతే భర్త ఇంటికి తెచ్చి డ్రాపరుతో పాలు పట్టి బతికించారు. అది ఆయన ఒళ్లో నిద్రపోతుంది, ఈమె ఒళ్లోకి మాత్రం ఊలు కోసమే దూకుతుంది. సూది కదిలితే పంజా విసురుతుంది. ఉండను కరుచుకుని మంచం కిందికి దూరుతుంది.

కూతురు గర్భవతి. పుట్టబోయే బిడ్డ కోసం ఈమె జాలీ అల్లికతో ఒక దుప్పటి మొదలుపెట్టారు. ఫోను మోగితే లేచి వెళ్లి వచ్చేలోపు బూచి సూదిని లాగేసింది. డిజైను సగం దాకా ఊడిపోయింది, ఊలు కుర్చీ కాళ్లకు చుట్టుకుంది. కోపంలో ఆమె దాన్ని కొట్టారు. ఆనాటి నుంచి అది ఆమె అలికిడి వింటే చాలు మంచం కిందికి పోతోంది. భర్త "ఊలేగా, మళ్లీ అల్లుకోవచ్చు. నోరులేని జీవాన్ని కొడతావా?" అని, తర్వాత పొడిపొడిగా మాట్లాడుతున్నారు. కూతురు "ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా" అంటోంది. పక్కింటావిడ ఊలు సంచిలో కలరా ఉండలు వెయ్యమని, కుర్చీ చుట్టూ నీలగిరి తైలం చల్లమని సలహా ఇచ్చారు. ఉత్తరం మధ్యలో ఇంకో మాట ఉంది: "మావారు దాన్ని ఆడించేదే నా దగ్గర మిగిలిన ఊలు ముక్కలతో. అది వాటిని నమిలి మింగుతుంది కూడా. ఓసారి మలంలో ఎర్ర ఊలు కనిపించింది." ఆమె అడిగినవి ఇవి: పిల్లిని ఇచ్చేయాలా, అల్లిక మానేయాలా, రెండూ కావాలనుకోవడం అత్యాశా? పిల్లి నోరు పెట్టిన దుప్పటిని పసిబిడ్డకు పంపవచ్చా?

మీ ఉత్తరంలో దుప్పటి గురించి రెండు పేజీలు ఉన్నాయి, ఎర్ర ఊలు గురించి రెండు ముక్కలే ఉన్నాయి. నేను ఎర్ర ఊలుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ నెమ్మదిగా సర్దుకోవచ్చు, ఇది ఆగదు.

పిల్లి నాలుక మీద గొంతు వైపుకు వంగిన సన్నటి ముళ్లు ఉంటాయి. ఒంటిని నాకి శుభ్రం చేసుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ ఊలు పోగు వాటికి తగులుకుంటే ఉమ్మేయడం దానికి చాలా కష్టం, లోపలికే పోతుంది. పొట్టి ముక్క అయితే ఒక్కోసారి మీరు చూసినట్టే బయటికి వచ్చేస్తుంది. పొడుగు పోగు అయితే ఒక కొస నాలుక మొదట్లోనో, కడుపు చివరి ద్వారం దగ్గరో చిక్కుకుంటుంది, రెండో కొస పేగులోకి దిగుతుంది. పేగు దాన్ని కిందికి తోయాలని చూసే కొద్దీ తానే ఆ పోగు మీద కుచ్చిళ్లలా ముడుచుకుపోతుంది. బిగిసిన పోగు చివరికి పేగు గోడను కోసేస్తుంది. అక్కడిదాకా వస్తే శస్త్రచికిత్స తప్పదు, ఆలస్యమైతే ప్రాణం దక్కదు. ఓసారి క్షేమంగా బయటికి వచ్చిందంటే బూచి ఊలు మింగుతోందని రుజువైంది, అంతే. తర్వాతి ముక్క కూడా అలాగే వస్తుందన్న భరోసా ఏమీ లేదు.

కాబట్టి మాటిమాటికీ వాంతులు, తిండి ముట్టకపోవడం, మూల నక్కి మందకొడిగా ఉండటం, పొట్ట తాకనివ్వకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. బూచి ఇప్పుడు మీకు భయపడి దాక్కుంటోంది. జబ్బుతో దాక్కున్నా మీకు అలాగే అనిపిస్తుంది. అందుకే తిండి తింటోందా, మామూలుగా విసర్జిస్తోందా అన్నది రోజూ ఎవరో ఒకరు గమనించాలి. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ పోగు వేలాడుతూ కనిపిస్తే లాగకండి. లోపల బిగిసి ఉంటే ఆ లాగుడుతోనే పేగు కోసుకుపోతుంది. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు. ఏ రకం ఊలు, సుమారు ఎంత పొడుగు, ఎప్పుడు మింగిందో తెలిస్తే వైద్యుడికి చెప్పండి. ఎక్స్‌రేలో ఊలు తిన్నగా కనబడదు, ముడుచుకున్న పేగు తీరును బట్టి, అల్ట్రాసౌండ్‌తో కలిపి పోల్చుకుంటారు.

ఈ లక్షణాలేవీ లేకపోయినా వీలైనంత త్వరగా ఒక్కసారి చూపించండి. ఊలు చప్పరించడం, నమలడం తల్లిపాలకు త్వరగా దూరమైన పిల్లుల్లో ఎక్కువని వైద్యులు అంటారు, సయామీ, బర్మీస్ లాంటి జాతుల్లోనూ ఎక్కువే. బూచి డ్రాపరు పాలతో పెరిగింది కదా, దాని అలవాటు అక్కడే మొదలై ఉండవచ్చు. కానీ రక్తహీనత, జీర్ణకోశ జబ్బులు కూడా తిండి కానివాటిని తినేలా చేస్తాయి. ముందు వాటిని పరీక్షించి లేవని తేల్చుకున్నాకే అలవాటు అనుకోవాలి.

పక్కింటావిడ సలహాలు రెండూ పక్కన పెట్టండి, ఆవిడ మంచికే చెప్పినా సరే. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పిల్లికి విషం, మింగితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. నీలగిరి లాంటి గాఢమైన తైలాలను వదిలించుకునే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. ఒంటికి అంటినది నాకినా ప్రమాదమే. పురుగు పట్టకుండా ఊలు పెట్టెలో ఇప్పటికే కలరా ఉండలు వేసి ఉంటే తీసేసి, ఊలును బాగా గాలికి ఆరనివ్వండి. ఉతికి ఆరబెట్టిన ఊలును గట్టి మూతున్న డబ్బాలో పెడితే పురుగు చేరదు.

ఇక మీ గొడవలోకి వస్తాను.

బూచి మీ మీద కక్షతో ఏదీ చేయడం లేదు. వేటాడే జంతువు కళ్ల ముందు ఒక మెత్తని ఉండ దొర్లుతోంది, తోకలాంటి పోగు కుదుపులతో కదులుతోంది, రెండు సూదుల కొసలు ఆగి ఆగి ఆడుతున్నాయి. పొంచి, తరిమి, దూకి, కొరికే దాని స్వభావాన్ని ఇంతకంటే రెచ్చగొట్టే వస్తువు ఇంట్లో మరొకటి ఉండదు. పైగా పిల్లులు తెల్లవారుజామున, సంధ్యవేళ మహా చురుగ్గా ఉంటాయి. మీరు అల్లికకు కూర్చునేదీ సరిగ్గా అప్పుడే. వీటన్నిటి మీద మీవారు ఊలు ముక్కలు ఈడుస్తూ దానికి రోజూ శిక్షణ ఇస్తున్నారు. ఆయన చేతిలో ఊలు ఆట, మీ చేతిలో ఊలు నేరం, ఈ తేడా దానికెలా తెలుస్తుంది? ఉండ ఎత్తుకుపోయినప్పుడు మీరు కేకలేస్తూ వెంటపడటం కూడా దానికి ఆటలో భాగమే అయి ఉంటుంది, మీరు కొట్టిన ఆ రోజు వరకు.

ఆ దెబ్బ గురించి మీరు చాలా బాధపడుతూ రాశారు. బాధ పడినంత మాత్రాన దానికి తెలియదు కాబట్టి, తెలిసే పని చెయ్యండి. దాన్ని మంచం కింద నుంచి లాగకండి, బుజ్జగించడానికి వెంట తిరగకండి. కొన్నాళ్లు తిండి గిన్నె మీ చేతులతోనే పెట్టి పక్కకు తప్పుకోండి. సూదులు లేకుండా నేల మీద కాసేపు ఊరికే కూర్చోండి, దాని వైపు తేరిపార చూడకుండా. చూపులు కలిస్తే కళ్లు నెమ్మదిగా సగం మూసి తెరవండి. 2020లో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఇలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు మరింత తేలిగ్గా వచ్చాయని తేలింది. దగ్గరికి వచ్చాక కూడా ముందు వేలు వాసన చూడనిచ్చి, ఆ తర్వాత తాకండి. కొట్టడం పిల్లికి ఊలు తప్పని నేర్పదు, మీ పక్కన ఉండటం ప్రమాదమని నేర్పుతుంది. అది ఇప్పటికే నేర్చుకుంది, ఇప్పుడు మరిపించాలి.

మీవారితో మాట్లాడటం ఇంతకంటే కష్టమైన పని. "ఊలేగా" అన్న మాట దగ్గరే మీరు ఆగిపోయారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. పిల్లి పాడు చేసినదానికంటే ఆ మాటే ఎక్కువ గాయం చేసింది. జాలీ అల్లికలో ఒక వరస తప్పితే ఎన్ని కుట్లు లెక్కపెట్టుకోవాలో, రంధ్రం కోసం సూది మీద ఊలు చుట్టిన చోట్లు ఊడితే మళ్లీ ఎక్కించడం ఎంత కష్టమో అల్లనివారికి తెలియదు. ఆయనకు కనిపించింది ఊలు. మీకు పోయింది సాయంత్రాలు, బిడ్డ కోసం దాచిన ఆశ. ఈ సంగతి ఆయనకు చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. పిల్లి గురించి వాదించుకున్నారు, అల్లిక గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మాట్లాడేటప్పుడు "మీరు నేర్పిన పాడు అలవాటే ఇది" అని మొదలుపెడితే ఆయన తన పిల్లిని కాచుకోవడంలో పడతారు. బూచి పేగు గురించి మొదలుపెట్టండి. డ్రాపరుతో పాలు పట్టి బతికించిన మనిషి, తాను ఈడ్చే ఊలు ముక్కే దానికి ప్రాణాంతకమని తెలిస్తే ఆ క్షణమే మానేస్తారు. వైద్యుడి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్తే ఇంకా మంచిది, ఆ మాట మీ నోటి నుంచి కాకుండా వైద్యుడి నోటి నుంచి వస్తుంది. ఆ తర్వాత మీ మాట చెప్పండి: కొట్టడం తప్పేనని, అయితే ఆ దుప్పటి కూడా ఈ ఇంట్లో ఒకరి కష్టమేనని. ఈ రెండూ ఒకే సంభాషణలో చెప్పుకోగలిగితే మీ మౌనం ఎక్కువ రోజులు నిలవదని నా నమ్మకం.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

తలుపు వేసుకుని వేరే గదిలో అల్లుకోవడం అన్నిటికంటే తేలిక, కచ్చితంగా పనిచేస్తుంది కూడా. మొదట్లో బూచి తలుపు గీకుతుంది, అరుస్తుంది. తట్టుకోలేక మధ్యలో తెరిచారంటే అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుని మరింత అరుస్తుంది. మీరు పోగొట్టుకునేది హాల్లో అందరి మధ్య గడిపే ఆ సాయంత్రం. అసలే ఇద్దరూ ముభావంగా ఉన్న సమయంలో మీరు ఒక గదిలో, ఆయనా పిల్లీ ఇంకో గదిలో ఉండటం నాకు నచ్చలేదు. జాలీ లెక్క తప్పకూడని కష్టమైన వరసల వరకు మాత్రం ఈ దారి వాడుకోండి.

హాల్లోనే అల్లుకోవాలంటే కాస్త ఏర్పాటు కావాలి, నాకు ఎక్కువ ఇష్టమైన దారి ఇది. మీరు కుర్చీలో కూర్చునే ముందు ఒక పది పదిహేను నిమిషాలు మీవారు దాన్ని బాగా ఆడించాలి. కర్ర చివర ఈకలో గుడ్డ బొమ్మో కట్టిన ఆటవస్తువు చాలు, కానీ ఆట అయ్యాక ఆ కర్ర బీరువాలోకి పోవాలి, దానికీ దారం ఉంటుంది కదా. ఆటలో చివరికి అది బొమ్మను పట్టుకునేలా చూడండి. లేజర్ చుక్క వెంట పరుగెత్తించి ఏదీ చిక్కకుండా వదిలేస్తే దాని ఆరాటం తీరదు, ఆ మిగిలిన ఆరాటమంతా మీ ఊలు మీదికే వస్తుంది. పట్టుకున్న వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర అన్నది పిల్లి సహజ క్రమం. ఆ నిద్ర సమయం మీ అల్లిక సమయం కావాలి.

నిద్రకు మీ పక్కనే దానికో చోటు ఇవ్వండి, మీ కుర్చీ కంటే కాస్త ఎత్తులో ఉంటే మరీ మంచిది. పిల్లి శరీరానికి హాయినిచ్చే వేడి 30 నుంచి 38 డిగ్రీలు. మనకు సరిపోయిన గది దానికి కాస్త చల్లనే, అందుకే అది మీ ఒళ్లో ఉన్న దుప్పటిని వెతుక్కుంటుంది. మందపాటి బట్ట పరిచిన అట్టపెట్టె ఇస్తే చాలా పిల్లులు దాంట్లోకే పోతాయి. అయితే ఊలుతో అల్లినది పరచకండి, నమిలే పిల్లికి అది సరిపడదు. దానికని విడిగా ఒక ఊలు ఉండ ఇచ్చి సరిపెడదామనీ అనుకోకండి. బొమ్మల్లో ఊలు ఉండతో ఆడే పిల్లి ముద్దుగా ఉంటుంది, కానీ ఏ ఉండ తనదో ఏది మీదో అది ఎంచలేదు.

ఇక ఊలు సంగతి. ఉండను బయటి నుంచి కాకుండా లోపలి కొస నుంచి పోగు వచ్చేలా చుట్టండి. అప్పుడది దొర్లదు, సగం ఆకర్షణ అక్కడే పోతుంది. మూతకు చిన్న రంధ్రమున్న బరువైన డబ్బాలో ఉంచి పోగును ఆ రంధ్రం గుండా లాగండి. రంధ్రం అంచు నున్నగా ఉండాలి, లేకపోతే ఊలు నలుగుతుంది. లేచినప్పుడల్లా, ఫోను మోగినా తలుపు తట్టినా, ముందు అల్లికను జిప్పు సంచిలో పెట్టి మూసి తర్వాతే అడుగు వెయ్యండి. ఇందులో మినహాయింపు ఉండకూడదు. మీ దుప్పటి ఊడింది అలాంటి ఒక నిమిషంలోనే. కత్తిరించిన కొసలన్నిటికీ మూతున్న చిన్న డబ్బా ఒకటి కేటాయించండి. దారం ఎక్కించిన సూదిని ఎక్కడా వదలకండి, పిల్లి దారంతో పాటు సూదినీ మింగేస్తుంది.

పొడుగు సూదుల బదులు రెండు కొసలనూ తీగతో కలిపే సూదులకు మారితే కుట్ల బరువంతా మధ్య తీగ మీదికి జరుపుకోవచ్చు, పక్కకు పొడుచుకువచ్చి ఆడే కొసలు ఉండవు. పని ఆపినప్పుడు కొసలకు రబ్బరు బిరడాలు తొడగండి. వీటన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ప్రాణదారం గురించి. డిజైను ఒక ఆవృత్తి పూర్తయిన ప్రతిసారీ, వేరే రంగు నున్నటి నూలు దారాన్ని సూది మీదున్న కుట్లన్నిటి గుండా పోనిచ్చి అలాగే వదిలేయండి. రేపు పిల్లే లాగినా మీ చేయే జారినా, ఊడేది ఆ దారం దాకానే. కుట్లన్నీ దాని మీద నిలబడి ఉంటాయి, సూదికి తిరిగి ఎక్కించుకోవడమే పని.

ఇప్పుడు ఊడిన దుప్పటిని పారేయకండి. బల్ల మీద పరిచి, లాగకుండా, చెక్కుచెదరని వరస ఎక్కడుందో వెతకండి. ఆ వరసలో V ఆకారంలో కనిపించే ప్రతి కుట్టుకూ ఒక వైపు పోగు చొప్పున సన్నటి సూదికి ఎక్కించి, పైనున్నది విప్పేయండి. విప్పిన ఊలు వంకరలు తిరిగి ఉంటుంది. దాన్ని పెద్ద చుట్టగా చుట్టి మూడు నాలుగు చోట్ల వదులుగా కట్టి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరేస్తే సాఫీ అవుతుంది. అక్కడక్కడ కొరికి తెంపిన ముక్కలు ఉంటే, మెషీనులో ఉతకడానికి వీలుగా శుద్ధి చెయ్యని అసలు ఊలు అయిన పక్షంలో, రెండు కొసలనూ విడదీసి తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటాయి. యాక్రిలిక్‌కు ఇది పనిచేయదు, కొసలు అల్లికలో దాచాల్సిందే. పంజా తగిలి ఒక కుట్టు బయటికి పొడుచుకువస్తే కత్తెర పెట్టకండి, ఆ వదులును సూది మొనతో వరస వెంబడి పక్క కుట్లలోకి పంచేయండి.

బూచిని ఇంకెవరికైనా ఇవ్వడమన్నది కూడా దారే. మీరు దాన్ని చెడ్డ ఆలోచనగా భావించనక్కర్లేదు. పరీక్షలన్నీ చేయించి, ఇంట్లో ఊలు దారం లేకుండా చేసినా అది బట్టలూ దుప్పట్లూ తింటూనే ఉంటే, ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే వాళ్లున్న ఇల్లు దానికి మేలు కావచ్చు. తీసుకునేవాళ్లకు మింగే అలవాటు దాచకుండా చెప్పాలి. కానీ ఇప్పుడు, కోపం చల్లారకముందు, మీవారి మనసుకు వ్యతిరేకంగా ఇస్తే ఖాళీ అయిన ఆయన ఒళ్లు చూస్తూ మీరు అదే హాల్లో అల్లుకోవాలి. ఆ అల్లిక మీకు ఇంతకుముందు ఇచ్చిన సుఖం ఇస్తుందా అన్నది మీరే ఆలోచించుకోండి. అమ్మాయి మాటను సలహాగా తీసుకోండి. ఆ ఇంట్లో పిల్లితో ఉండేది మీరిద్దరూ.

అల్లిక మానేయడాన్ని మాత్రం దారుల లెక్కలో చేర్చను. రోజులో అదొక్కటే మీదనిపించే సమయమని మీరే రాశారు. అది మానేస్తే బూచి ఇంకో వస్తువు వెతుక్కుంటుంది, మీకు మాత్రం ఏమీ మిగలదు. రెండూ కావాలనుకోవడం అత్యాశ కానే కాదు.

చివరి ప్రశ్న, బిడ్డకు దుప్పటి. పూర్తయ్యాక ఊలుకు తగిన సబ్బుతో ఉతికి, బాగా ఆరబెట్టి, రోమాలు దులిపి పంపండి. గర్భవతులకు పిల్లుల వల్ల వస్తుందని భయపడే టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలం ద్వారా వ్యాపిస్తుంది, ఉతికిన దుప్పటి ద్వారా కాదు. అమ్మాయి కానుపుకు ముందు మీ ఇంటికి వస్తే మాత్రం మలం పళ్లెం ఆమె ముట్టుకోకుండా మీరో మీవారో రోజూ శుభ్రం చెయ్యండి, ఎందుకంటే ఆ క్రిమి గుడ్లు అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పసివాళ్ల వేళ్లు జాలీ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, వదులు పోగులు వేళ్లకు చుట్టుకుని రక్తం ఆపేస్తాయి. కాబట్టి రంధ్రాలు చిన్నగా ఉండే డిజైను అంచుల వరకే ఉంచి మధ్యలో సాదాగా అల్లితే బాగుంటుంది, ఎలాగూ సగం మళ్లీ అల్లాలి. కొసలన్నీ గట్టిగా దాచండి. ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రపోయేటప్పుడు వదులు దుప్పటి ఏదీ కప్పకూడదని శిశువైద్యులు చెబుతారు, అందుకని ఒళ్లో ఎత్తుకున్నప్పుడు, మెలకువగా నేల మీద ఆడుకునేటప్పుడు వాడమని పంపేటప్పుడే అమ్మాయికి చెప్పండి.